రొయ్యకు మాంగనీసు, మనిషికి రాగి: ఒకే పనికి ఇన్ని లోహాలు ఎందుకు?

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంట సాగు చేసే మా చిన్నాయన ఒకరోజు మినరల్స్ సంచి మీది అక్షరాలను వేలితో చూపిస్తూ, "రాగి, జింకు, మాంగనీసు, ఇనుము అని వరసగా రాశారు గదా, ఇన్ని లోహాలు రొయ్య ఒంట్లో ఏం చేస్తాయి అబ్బాయా?" అని అడిగారు. ఆ తరువాత కొద్ది రోజులకే పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న బంధువుల ఇంట్లో ఆకుల మీద చల్లే సూక్ష్మపోషకాల పొట్లం చూస్తే, దాని మీదా అవే పేర్లు ఉన్నాయి. ఎంజైములు పనిచేయడానికి ఇవి కావాలని ఆనాడు ఒక్క మాటలో చెప్పాను. ఆ జవాబు తప్పు కాదు గానీ చాలదు. ఎందుకంటే ఒకే పని చేసే ఎంజైము వరి ఆకులో ఒక లోహంతో, రొయ్య ఒంట్లో మరొక లోహంతో, మట్టిలోని సూక్ష్మజీవిలో ఇంకొక లోహంతో నడుస్తుంది. ఏ లోహంతో నడవాలో నిర్ణయించేది ఆ లోహపు శక్తి ఒక్కటే కాదు. ఆ జీవి ఎక్కడ పుట్టింది, దాని చేతిలో ఏ సరుకు ఎంత ఉంది, ఆ సరుకుకు ఇంకా ఏయే పనులు ఉన్నాయి అనే లెక్కలన్నీ అందులో కలిసి ఉంటాయి.

ముందుగా లోహాల అవసరం ఎందుకు వచ్చిందో చూద్దాం. ఎంజైము అంటే అమైనో ఆమ్లాల గొలుసు ఒక నిర్ణీతమైన ఆకారంలో ముడుచుకుని ఏర్పడిన ప్రోటీను. ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో ప్రకృతి చేయని పని లేదనిపిస్తుంది కానీ, ఒక ఎలక్ట్రానును అందుకుని మరుక్షణమే ఇంకొకరికి అప్పగించడం, నీటి అణువును పట్టి దానిలోని హైడ్రోజను పట్టు సడలించడం వంటి పనుల దగ్గర వాటి బలం సరిపోదు. ధన విద్యుదావేశాన్ని చిన్న చోట గట్టిగా నింపుకున్న లోహ అయాను ఆ లోటు తీరుస్తుంది. మనకు తెలిసిన ఎంజైములలో మూడో వంతు నుంచి సగం వరకు ఏదో ఒక లోహం మీద ఆధారపడినవే.

అయితే "లోహం ఎంజైమును ఉత్తేజపరుస్తుంది" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయి, వాటిని విడదీయకపోతే తరువాతి కథంతా చిక్కుపడుతుంది. మెగ్నీషియం వంటి అయాన్లు చాలా ఎంజైములను వదులుగా పట్టుకుంటాయి. పని జరిగే సమయానికి వచ్చి కూర్చుని, అది ముగియగానే లేచిపోతాయి. చక్కెరను శక్తిగా మార్చే దారిలో ఉన్న ఎనొలేజ్ అనే ఎంజైము అటువంటిది. ఫ్లోరైడు దాన్ని అడ్డుకోవడానికి కారణం కూడా మెగ్నీషియమే: మెగ్నీషియం, ఫ్లోరైడు, ఫాస్ఫేటు మూడూ జతకట్టి ఎంజైము పని చోటును మూసివేస్తాయని ఒట్టో వార్‌బర్గ్, వాల్టర్ క్రిస్టియన్ 1940ల ఆరంభంలోనే చూపించారు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి ప్రాంతపు బోరు నీటి మాట తెలిసినవారికి ఫ్లోరైడు పేరు వినగానే ఎముకలు గుర్తుకు వస్తాయి. అక్కడి ఎముకల బాధకు ప్రధాన కారణం ఈ ఎంజైము కాదు, ఎముకలోని ఖనిజంలోనే ఫ్లోరైడు చేరడం. రెండింటినీ కలపకూడదు. ఇక రెండో రకం ఎంజైములలో లోహం అతిథి కాదు, ఇంటి దూలం వంటిది. ప్రోటీను తయారై ముడుచుకునేటప్పుడే అది లోపల చేరి బిగుసుకుంటుంది, తీసేస్తే ఎంజైము ఆకారం మిగిలినా పని పోతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఈ రెండో రకం గురించి, అందులోనూ ముఖ్యంగా సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఒక్క ఎంజైము గురించి. లోహాల ఎంపిక ఎంత విచిత్రంగా సాగుతుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి అరుదు.

ఆక్సిజనును పీల్చే ప్రతి కణంలోనూ ఒక చిన్న లీకు ఉంటుంది. ఆక్సిజను అణువు నాలుగు ఎలక్ట్రానులను తీసుకుని నీరుగా మారవలసి ఉండగా, అక్కడక్కడా ఒక్క ఎలక్ట్రానే అంటుకుని మధ్యలో తప్పించుకుంటుంది. దానినే సూపరాక్సైడు అంటారు. అది చూడటానికి చిన్నదే అయినా, ఇనుము-గంధకపు గుచ్ఛాలను పట్టుకుని పనిచేసే ఎంజైములను తాకి వాటిలోని ఇనుమును ఊడదీస్తుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ చేసే పని, రెండు సూపరాక్సైడు అయాన్లను ఒకదానితో ఒకటి సరిపెట్టించడం: ఒకదాని నుంచి ఎలక్ట్రాను తీసుకుని దాన్ని మామూలు ఆక్సిజనుగా వదిలేస్తుంది, ఆ ఎలక్ట్రానును రెండోదానికి ఇచ్చి హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది. ఆ పెరాక్సైడు సంగతి కెటలేజ్ వంటి ఇతర ఎంజైములు చూసుకుంటాయి. ఎంజైము లేకపోయినా ఈ చర్య నీటిలో తనంతట తాను జరుగుతుంది కానీ, ఎంజైముతో అది సుమారు పది వేల రెట్లు వేగంగా సాగుతుంది. ఈ ఎంజైముకు సూపరాక్సైడు ఎదురుపడటమే ఆలస్యం, పట్టుకోవడం ఆలస్యం కాదు.

దీని చరిత్రలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. 1938లో కేంబ్రిడ్జిలో మాన్, కీలిన్ అనే శాస్త్రవేత్తలు ఎద్దు రక్తం నుంచి నీలి ఆకుపచ్చ రంగు ప్రోటీను ఒకటి వేరు చేశారు. అందులో రాగి ఉందని గుర్తించారు, పేరూ పెట్టారు, పనేమిటో మాత్రం తెలియలేదు. మూడు దశాబ్దాల పాటు అది రాగిని దాచుకునే పాత్ర మాత్రమేనని చాలామంది అనుకున్నారు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఆ ప్రోటీనే సూపరాక్సైడును తొలగిస్తుందని నిరూపించారు. మరుసటి సంవత్సరమే మరో ఆశ్చర్యం ఎదురైంది. ఇ.కోలై బాక్టీరియాలో అదే పని చేసే ఎంజైమును పట్టి చూస్తే అందులో రాగి లేదు, మాంగనీసు ఉంది. 1973 నాటికి అదే బాక్టీరియాలో ఇనుముతో నడిచే మరొకటి దొరికింది. అదే ఏడాది కోడి కాలేయంలో, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోనూ మాంగనీసు ఎంజైము బయటపడింది. 1990ల మధ్యలో దక్షిణ కొరియా పరిశోధకులు మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులలో నికెల్‌తో నడిచే రకాన్ని కనుగొన్నారు. వాన పడగానే వచ్చే మట్టి వాసనకు కారణమైన జాతి ఈ స్ట్రెప్టోమైసిసే.

ఈ నాలుగు లోహాల ఎంజైములు నాలుగు వేర్వేరు వంశాలా అంటే, కాదు. ఇనుము, మాంగనీసు రకాలు ఒకే వంశపు సోదరులు. వాటి ప్రోటీను ఆకారం, లోహాన్ని పట్టుకునే అమైనో ఆమ్లాలు దాదాపు ఒకటే: మూడు హిస్టిడిన్లు, ఒక ఆస్పార్టేటు, ఒక నీటి అణువు. రాగి-జింకు రకానికి, నికెల్ రకానికి వీటితో చుట్టరికం లేదు, ఆ రెండింటికీ పరస్పరం కూడా సంబంధం లేదు. అంటే జీవులు ఒకే పనికి కనీసం మూడుసార్లు వేర్వేరుగా దారి వెతుక్కున్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు ముడి దగ్గరకు వద్దాం. ఇనుము, మాంగనీసు ఎంజైములు కవల పిల్లల వలె ఉన్నప్పుడు, ఒకదానిలో రెండో లోహాన్ని పెడితే పని జరగాలి కదా? ఇ.కోలై విషయంలో జరగదు. మాంగనీసు ఎంజైములో ఇనుము చక్కగా కూర్చుంటుంది, కానీ ఎంజైము నిర్జీవంగా ఉంటుంది. ఇనుము ఎంజైములో మాంగనీసును పెట్టినా అంతే. కారణం తెలుసుకోవాలంటే వోల్టుల లెక్క కొంచెం చూడాలి. సూపరాక్సైడు నుంచి ఎలక్ట్రాను తీసుకోవాలంటే లోహానికి దాని మీద తగినంత ఆశ ఉండాలి, తిరిగి ఇంకో సూపరాక్సైడుకు ఇవ్వాలంటే ఆ ఆశ మరీ ఎక్కువ కాకూడదు. ఈ ఆశను వోల్టులలో కొలిస్తే, మొదటి మెట్టు దాదాపు −0.16 వోల్టుల దగ్గర, రెండోది +0.89 వోల్టుల దగ్గర ఉన్నాయి. రెండు పనులూ సమానంగా సాగాలంటే లోహం ఈ రెంటికీ నడుమ, అంటే 0.3 నుంచి 0.4 వోల్టుల చుట్టుపక్కల నిలవాలి. అయితే నీటిలో విడిగా ఉన్న మాంగనీసు 1.5 వోల్టుల ఎత్తున, ఇనుము 0.77 వోల్టుల దగ్గర ఉంటాయి. అందుచేత మాంగనీసును పట్టుకునే ప్రోటీను దాన్ని చాలా కిందికి లాగవలసి వస్తుంది, ఇనుమును పట్టుకునేది కొద్దిగా లాగితే చాలు. మాంగనీసు కోసం బలంగా లాగేలా తయారైన చోట ఇనుమును కూర్చోబెడితే అది సున్నా కన్నా కిందికి జారిపోతుంది, ఎలక్ట్రానును తీసుకోలేదు. ఇనుము కోసం తయారైన చోట మాంగనీసు పైనే ఉండిపోతుంది, తీసుకున్న ఎలక్ట్రానును ఇవ్వలేదు. 1990ల చివరలో అమెరికాకు చెందిన వాన్స్, మిల్లర్ ఈ కొలతలు చేసి, లోహం పక్కనున్న నీటి అణువును గ్లుటమీన్ అనే ఒక అమైనో ఆమ్లం ఎంత దగ్గరగా పట్టుకుందనే చిన్న తేడాకు ఇందులో పెద్ద పాత్ర ఉందని చూపించారు.

అందుకే ఏ ఎంజైముకు ఏ లోహం అనే ప్రశ్నను తాళంచెవి, తాళం అనే పోలికతో ముగించడం నాకు తృప్తిగా అనిపించదు. చెవి తాళంలో దూరుతుంది, తిరగదు, అంతే కాదు, చాలాసార్లు బయటికి కూడా రాదు. అలా ఇరుక్కుపోయిన తప్పుడు లోహమే కణానికి నిజమైన ప్రమాదం.

తప్పుడు లోహం ఇరుక్కునే అవకాశం ఎంత ఉందో చెప్పే ఒక వరస రసాయన శాస్త్రంలో ఉంది. హ్యారీ అర్వింగ్, ఆర్.జె.పి. విలియమ్స్ 1953లో స్థిరపరిచిన ఆ వరస ప్రకారం ప్రోటీనుల వంటి వాటిని పట్టుకునే బలం మాంగనీసుకు అతి తక్కువ. ఆపై ఇనుము, కోబాల్టు, నికెల్ ఒక్కో మెట్టు ఎక్కుతూ పోగా, రాగి అన్నిటి కన్నా పైన ఉంటుంది. జింకు రాగి కన్నా కింద. ఈ బలాబలాలు కణం లోపల విచ్చలవిడిగా సాగితే, ప్రతి ఎంజైములోనూ రాగి చేరి కూర్చోవాలి, మాంగనీసుకు ఎక్కడా చోటు దొరకకూడదు. అలా జరగడం లేదు. ఎందుకు?

ఇంగ్లండుకు చెందిన నైజెల్ రాబిన్సన్ బృందం 2008లో దీనికి చక్కని జవాబు ఇచ్చింది. ఒక నీలి ఆకుపచ్చ శైవలంలో రెండు ప్రోటీనులు ఉన్నాయి, ఒకే ఆకారం, లోహాన్ని పట్టుకునే తీరు ఒకటే, కానీ ఒకదానిలో మాంగనీసు, రెండోదానిలో రాగి ఉంటాయి. ప్రయోగశాలలో మాంగనీసు ప్రోటీనును ముడుచుకోనిస్తే, రాగి కన్నా పది వేల రెట్లు ఎక్కువ మాంగనీసు పోస్తే తప్ప అది మాంగనీసును తీసుకోలేదు. మరి కణంలో ఎలా తీసుకుంటుంది? అది కణం లోపలి ద్రవంలో ముడుచుకుంటుంది, అక్కడ స్వేచ్ఛగా తిరిగే రాగి ఉండదు. ముడుచుకున్నాక మాంగనీసు లోపల చిక్కుపడిపోతుంది గనుక, ఆ తరువాత బయటి పొరల మధ్యకు వెళ్లి రాగిని ఎదుర్కొన్నా ఇబ్బంది లేదు. రాగి ప్రోటీను మాత్రం ముడుచుకోకుండానే బయటికి వెళ్లి, అక్కడ రాగి దొరికే చోట ముడుచుకుంటుంది. లోహాన్ని ఎంచుకున్నది ప్రోటీను కాదు, అది ముడుచుకున్న చోటు. ఈస్ట్ కణంలో స్వేచ్ఛగా ఉన్న రాగి సగటున ఒక్క అయాను కూడా ఉండదని 1999లో లెక్కగట్టారు. కణంలోకి వచ్చిన ప్రతి రాగి అయానును ఏదో ఒక ప్రోటీను చేయి పట్టుకుని తీసుకువెళ్లి అప్పగించవలసిందే. రాగి-జింకు డిస్మ్యుటేజ్‌కు రాగిని అప్పగించడానికే ప్రత్యేకంగా ఒక ప్రోటీను ఉంది. ఈస్ట్ మైటోకాండ్రియాలో మాంగనీసు కన్నా ఇనుము ఎంతో ఎక్కువ ఉన్నా అక్కడి డిస్మ్యుటేజ్ మాంగనీసునే తీసుకుంటుంది. ఇనుమును సర్దే వ్యవస్థ చెడితే మాత్రం ఇనుము చొరబడి ఎంజైము నిర్వీర్యమవుతుంది.

అసలు ఇన్ని లోహాలతో జీవులు ఎందుకు ప్రయోగాలు చేయవలసి వచ్చిందనేది భూమి చరిత్రకు సంబంధించిన ప్రశ్న. దాన్ని అర్థం చేసుకోవడానికి పెన్నా డెల్టాలోని వరిమడి కన్నా మంచి చోటు నాకు కనిపించదు. నీళ్లు నిలిపిన మడిలో కొద్ది రోజులకే మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజనును ఖర్చు చేసేస్తాయి. ఆక్సిజను లేని ఆ మట్టిలో తుప్పు రూపంలో ఉన్న ఇనుము కరిగి నీటిలోకి వస్తుంది. వరి మొక్కను వేళ్లతో సహా పీకి చూస్తే వేళ్ల చుట్టూ ఎర్రటి పూత కనిపిస్తుంది. కాండం లోపలి గాలి గొట్టాల గుండా వేళ్లకు దిగిన ఆక్సిజను తగిలి కరిగిన ఇనుము మళ్లీ తుప్పుగా మారి అంటుకున్న పూత అది. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందటి వరకు సముద్రాలన్నీ ఆ మడి అడుగు మట్టి వంటివే. గాలిలో ఆక్సిజను లేదు, నీటిలో ఇనుము, మాంగనీసు కరిగి ఉండేవి, రాగి గంధకంతో కలిసి రాయిగా ఉండేది. తొలి జీవులు అందుబాటులో ఉన్న ఇనుముతో తమ యంత్రాంగాన్ని కట్టుకున్నాయి. ఆ తరువాత కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజను పోగుపడటంతో ఇనుము తుప్పుపట్టి అడుగుకు చేరింది, రాగి, జింకు నీటిలోకి విడుదలయ్యాయి. సూపరాక్సైడు సమస్యను తెచ్చిన ఆక్సిజనే, దాన్ని తీర్చే పాత లోహాన్ని కూడా కరువు చేసింది. ఇనుము దొరకని నడి సముద్రపు నీలి ఆకుపచ్చ శైవలాలు అనేకం నికెల్ డిస్మ్యుటేజ్‌ను వాడుకుంటున్నాయి.

ఈ పాత చరిత్ర అంతా వరి ఆకులో ఇప్పటికీ కలిసి ఉంది. హరితరేణువులలో ఇనుముతో నడిచే రకం, మైటోకాండ్రియాలో మాంగనీసు రకం, కణద్రవంలోనూ హరితరేణువులలోనూ రాగి-జింకు రకం. మొక్కలు వీటిని పరిస్థితిని బట్టి మార్చుకుంటాయి కూడా. ఆవ మొక్కకు బంధువైన అరబిడాప్సిస్ అనే ప్రయోగ మొక్కలో దీన్ని స్పష్టంగా గమనించారు. రాగి తక్కువైనప్పుడు ఆ మొక్క రాగి-జింకు డిస్మ్యుటేజ్ తయారీని ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ సాయంతో ఆపేసి, ఇనుము డిస్మ్యుటేజ్‌ను పెంచుతుంది. ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రానులను మోసే ప్లాస్టోసయనిన్‌కు రాగి తప్పనిసరి, దానికి ప్రత్యామ్నాయం లేదు. డిస్మ్యుటేజ్‌కు ప్రత్యామ్నాయం ఉంది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున పిల్లలకు అన్నం ఉంచి పెద్దలు జొన్న రొట్టెతో సర్దుకున్నట్టు, ఉన్న రాగిని తప్పనిసరి పనికి అట్టిపెట్టి, తప్పించగల పనికి ఇనుమును పంపుతుంది.

జింకు లోపించిన వరి గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది మన రైతులకు కళ్ళ ముందరి విషయం. నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు ఆకు మధ్య ఈనె పాలిపోయి, తుప్పు రంగు మచ్చలు వచ్చి, పైరు గిడసబారుతుంది. రాగి-జింకు డిస్మ్యుటేజ్‌లో ఎలక్ట్రానులను అటూ ఇటూ ఇచ్చేది రాగి మాత్రమే, జింకు ఎలక్ట్రాను లావాదేవీ చేయలేదు. కానీ అది చోటును బిగించి పట్టి ఉంచుతుంది. జింకు లేకపోతే ఆ ఎంజైము బలం తగ్గి, ఎండ పడిన ఆకులో సూపరాక్సైడు పెరుగుతుంది. జింకు స్వయంగా నడిపే మరో ఎంజైము కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ కూడా మందగిస్తుంది. మడిలో నీళ్లు నిలిపినప్పుడు ఇనుము అందుబాటు పెరుగుతూ ఉండగా జింకు అందుబాటు తగ్గడం ఈ లోపానికి ఒక కారణం. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని, దానిని భాస్వరం ఎరువుతో కలపవద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది దీని గురించే. భాస్వరంతో కలిస్తే జింకు కరగని రూపంలోకి పోతుంది. మట్టిలో జింకు ఉండటం వేరు, వేరుకు అందడం వేరు.

కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ ప్రస్తావన వచ్చింది గనుక ఒక ముచ్చట. మనిషి ఎర్ర రక్తకణంలో ఈ ఎంజైము ఒక్క అణువు సెకనుకు దాదాపు పది లక్షల కార్బన్ డయాక్సైడు అణువులను మార్చగలదు, అదంతా జింకు చలవే. కానీ జింకు బాగా తక్కువగా ఉండే సముద్ర జలాలలోని డయాటం అనే సూక్ష్మ శైవలాలలో కాడ్మియంతో నడిచే రకం ఉందని 2000 దశకంలో అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. మనకు విషమని తెలిసిన కాడ్మియం ఒక జీవికి పనిముట్టుగా మారిన సందర్భం ఇంతవరకు ఇదొక్కటే. గాలి సోకని చోట మీథేను తయారుచేసే ఒక ప్రాచీన సూక్ష్మజీవిలో అదే పనిని ఇనుము చేస్తుంది.

లోహాన్ని మార్చుకోవడం కొన్నిసార్లు యుద్ధ తంత్రం కూడా అవుతుంది. మన శరీరంలో పుండు పడిన చోటికి చేరే తెల్ల రక్తకణాలు కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీనును విడుదల చేసి, అక్కడి మాంగనీసును, జింకును బాక్టీరియాకు దొరకకుండా ఎత్తుకుపోతాయి. చీము పట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దీనికి విరుగుడు సిద్ధం చేసుకుంది. దానికి రెండు డిస్మ్యుటేజ్‌లు ఉన్నాయి: ఒకటి మాంగనీసుతో మాత్రమే నడుస్తుంది, రెండోది మాంగనీసు లేకపోతే ఇనుముతోనూ నడుస్తుంది. కరువు వచ్చినప్పుడు ఆ రెండోది దానిని కాపాడుతుంది. పులిసిన కూరగాయలలో పెరిగే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ మరో దారి పట్టింది. దానికి డిస్మ్యుటేజే లేదు, ఒంటినిండా మాంగనీసు నింపుకుని, ప్రోటీను సాయం లేకుండా మాంగనీసుతోనే సూపరాక్సైడును తొలగించుకుంటుంది.

రాగి విషయంలో ఇంకో వైపు కూడా చూడాలి. నిమ్మలో గజ్జి తెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడు చల్లడం, మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేయడం పొదలకూరు రైతులకు కొత్త కాదు. రాగి సూక్ష్మజీవులను చంపే ఒక ముఖ్యమైన తీరు ఏమిటంటే, అది కణంలోకి ఎక్కువగా చొరబడినప్పుడు ఇనుము-గంధకపు గుచ్ఛాలు ఉన్న ఎంజైముల దగ్గరకు వెళ్లి, తన బలంతో అక్కడి ఇనుమును నెట్టివేస్తుంది. సూపరాక్సైడు చేసే నష్టమే రాగి కూడా చేస్తుందన్నమాట. ఏ రాగి డిస్మ్యుటేజ్‌లో కూర్చుని ఆ గుచ్ఛాలను కాపాడుతుందో, అదే రాగి కాపలా లేకుండా తిరిగితే వాటినే పాడు చేస్తుంది. ఎంజైమును ఉత్తేజపరిచే లోహం అనే మాటకు ముందు ఏ ఎంజైముకు, ఎంత మోతాదులో, ఎవరు అప్పగిస్తే అని చేర్చుకోకపోతే ఆ మాట సగమే నిజం.

ఇప్పుడు చిన్నాయన గుంట దగ్గరకు తిరిగి రావచ్చు. రొయ్యను విరిస్తే ఎర్రటి రక్తం కనిపించదు. దాని రక్తంలో ఆక్సిజనును మోసేది ఇనుము ఉన్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. రెండు రాగి అయాన్లు కలిసి ఒక ఆక్సిజను అణువును పట్టుకుంటాయి, అప్పుడు రక్తానికి లేత నీలి రంగు వస్తుంది. ఈ ప్రోటీను రొయ్య రక్తంలోని ప్రోటీనులలో సింహభాగం, అంటే రొయ్య ఒంట్లో రాగి గిరాకీ ఎంత పెద్దదో ఊహించవచ్చు. పైగా ఆ గిరాకీ నిలకడగా ఉండదు. గుల్ల విడిచే సమయం చుట్టూ, అంటే రైతులు మోల్టింగ్ అనే దశలో, హీమోసయనిన్ తగ్గి మళ్లీ పెరుగుతుంది, దానితో పాటు రాగి కూడా ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకో చోటికి కదులుతుంది.

మనిషిలో, కోడిలో, వరిలో కణద్రవపు డిస్మ్యుటేజ్ రాగి-జింకు రకమే. అటువంటిది రొయ్యలోనూ ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. అమెరికాలో మారియస్ బ్రౌవర్ బృందం నీలి పీత మీద 1990ల చివర నుంచి చేసిన పరిశోధనలో, ఆ పీత కణద్రవంలో రాగి-జింకు డిస్మ్యుటేజ్ లేదని తేలింది. దాని చోట మాంగనీసుతో నడిచే రకం ఉంది. ఇతర జంతువులలో సాధారణంగా మైటోకాండ్రియా గడప దాటని మాంగనీసు డిస్మ్యుటేజ్ వంశం, ఇక్కడ కణద్రవంలో కాపురం పెట్టింది. హీమోసయనిన్‌తో ఊపిరి పీల్చే ఇతర పీతలు, రొయ్యలలోనూ ఇదే కనిపించింది. 2009 నుంచి మన దేశంలో సాగుకు అనుమతి ఉన్న వనామీ రకం రొయ్యలోనూ కణద్రవపు మాంగనీసు డిస్మ్యుటేజ్ జన్యువులను గుర్తించారు. రాగి ఒంట్లో ఇంతగా ఎగుడుదిగుడు అవుతూ ఉంటే, నిత్యం నిలకడగా పనిచేయవలసిన కాపలా ఎంజైమును దాని మీద ఆధారపడనీయకపోవడమే మేలని పరిణామం నిర్ణయించినట్టు బ్రౌవర్ బృందం వివరించింది. ఆ వివరణ నాకు నమ్మదగినదిగా తోస్తుంది: అరబిడాప్సిస్ కొన్ని రోజుల రాగి కరువుకు తాత్కాలికంగా చేసిన పనినే రొయ్యల పూర్వీకులు శాశ్వతంగా చేసుకున్నారు.

మాంగనీసు రకం మైటోకాండ్రియాలో ఎంత ముఖ్యమో ఎలుకల మీది ప్రయోగాలు చెబుతాయి. మైటోకాండ్రియా డిస్మ్యుటేజ్ లేకుండా పుట్టిన ఎలుకలు మూడు వారాలలోపే చనిపోతాయి, కణద్రవపు రాగి-జింకు రకం లేని ఎలుకలు మాత్రం పెరిగి పెద్దవవుతాయి. రొయ్యకు మైటోకాండ్రియా లోపలా బయటా రెండు చోట్లా మాంగనీసే ఆధారం గనుక, సంచి మీద చిన్న అక్షరాలలో ఉండే ఆ పేరు దానికి చిన్నది కాదు.

అయితే సంచిలోని మాంగనీసు అంతా రొయ్య డిస్మ్యుటేజ్‌కు చేరుతుందని చెప్పలేం. క్షారత ఎక్కువగా ఉండి, పగలు ఆక్సిజను నిండిన గుంట నీటిలో ఇనుము, మాంగనీసు ఎక్కువసేపు కరిగి ఉండవు, తుప్పులా మారి అడుగుకు దిగుతాయి. అడుగున నల్లటి బురద పేరుకుంటే అక్కడి గంధకం రాగిని, జింకును పట్టి బంధిస్తుంది. ఇటువంటి లోహాలు రొయ్యకు ప్రధానంగా మేత ద్వారానే అందాలి. నీటిలో కిలోల లెక్కన వేసే సరుకు వేరు: సముద్రానికి దూరంగా, బోరు నీటితో తక్కువ ఉప్పదనంలో సాగు చేసే గుంటలలో పొటాషియం, మెగ్నీషియం కరువవుతాయి. మొప్పలలో ఉప్పును సర్దుబాటు చేసే సోడియం-పొటాషియం ఏటీపేజ్ అనే ఎంజైముకు పొటాషియం లేకపోతే అడుగు ముందుకు పడదు, మెగ్నీషియం లేకపోతే దానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు అందదు. ఇవి నేను మొదట చెప్పిన వదులుగా వచ్చి వెళ్లే రకం అయాన్లు, అందుకే వాటికి నీటిలో ఉన్న మోతాదు అంత ముఖ్యం. డిస్మ్యుటేజ్‌లోని మాంగనీసు బిగుసుకుని ఉండే రకం, దానికి ప్రోటీను ముడుచుకునే వేళకు కణంలో ఉండటమే ముఖ్యం.

ఇదంతా చిన్నాయనకు గుంట గట్టు మీద కూర్చుని చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. విన్నాక ఆయన, "అయితే నీళ్లలో ఉండాల్సినవి ఎంత ఉన్నాయో ముందు చూడాలి గదా" అని లేచి, ఉప్పదనం, క్షారత, పొటాషియం, మెగ్నీషియం పరీక్ష చేయించడానికి సీసాలో గుంట నీళ్లు పట్టుకున్నారు.